పాచికల సంభావ్యతను దశాంశంలో రాయించాలా, భిన్నంగానే వదిలేయాలా?

ఆదోని_నాన్న:
మా అమ్మాయి పదో తరగతి. పాచిక వేస్తే 3 పడే సంభావ్యత 1/6 అని రాసి, పక్కన 0.16 అని వేసింది. ఆరు ముఖాలకూ అదే వేసి కూడితే 0.96 వచ్చింది. మొత్తం 1 రావాలి కదా, మిగతా 0.04 ఏమైందని అడుగుతోంది. 0.17 అని వేస్తే 1.02 అవుతోంది. మీ పిల్లలకు ఎలా చెప్పారు?

పెన్నా_ప్రొద్దుటూరు:
బంగారం దుకాణంలో లెక్కలు రాస్తాను. మా తూకం గ్రాములో వెయ్యో వంతు దాకా చూపుతుంది. పది గ్రాములు ముగ్గురికి సమానంగా పంచితే తలా 3.333, కూడితే 9.999. ఆ ఒక్క మిల్లీగ్రాము ఎవరి వంతులో వేయాలో ముందే మాట్లాడుకుంటాం. అమ్మాయి అడిగిన 0.04 కూడా అంకెలు కోసేసిన చోటే పోయింది.

గుత్తికోట:
బడిలో లెక్కలు చెబుతాను. ముందు చేత్తో భాగహారం చేయించండి. 10లో ఆరొకట్ల ఆరు, శేషం 4. 40లో ఆరార్ల ముప్పయ్యారు, శేషం మళ్ళీ 4. అదే శేషం వచ్చిందంటే అదే అంకె వస్తుంది, ఇక ఆగదు.

కారణం హారంలో ఉంది. భిన్నాన్ని కనిష్ఠ రూపంలోకి తెచ్చాక హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం ఉండకూడదు. 6లో 3 ఉంది. సరిసంఖ్య పడే సంభావ్యత 3/6లో ఆ 3 కొట్టివేతలో పోతుంది కాబట్టి 0.5 దగ్గర ఆగుతుంది.

రెండు పాచికలైతే హారం 36. అనుకూల పర్యవసానాలు 9 గుణిజమైతేనే ఆగుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే మొత్తం 7కు ఉన్నవే ఆరు మార్గాలు. అంటే 2 నుంచి 12 దాకా ఏ మొత్తం సంభావ్యతా ఆగదు! కానీ ‘మొత్తం 5 లేదా 6’ అని అడగండి: 4, 5 కలిసి 9 మార్గాలు, 0.25. వాస్తవ సంఖ్యల పాఠానికీ సంభావ్యతకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని పిల్లలకు చూపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కర్నూలు_బురుజు:
మేం అష్టాచెమ్మాతో చెప్పాం. నాలుగు గవ్వలకు హారం 16, అన్నీ ఆగుతాయి. రెండు వెల్లకిలా పడడం 6/16, అంటే 0.375.

గుత్తికోట:
గవ్వ వెల్లకిలా, బోర్లా పడే అవకాశాలు సమానం కావండి, దాని రెండు వైపులూ ఒకేలా ఉండవు. నాలుగు నాణేలు వేయించండి, అప్పుడు మీ లెక్క నిలుస్తుంది.

అనంత_గణితం:
మూడు పాచికల్లో ఇంకా అందమైన సంగతి ఉంది. 9 రావడానికీ 10 రావడానికీ అంకెల కూర్పులు ఆరేసి. అయినా 10 ఎందుకు ఎక్కువగా పడుతుందో గెలీలియో వివరించాడు. 9 కూర్పుల్లో 3, 3, 3 ఉంది. అది ఒక్క విధంగానే పడుతుంది. 6, 2, 1 మాత్రం ఆరు విధాల పడుతుంది. ఇలా విప్పితే 9కి 25 మార్గాలు, 10కి 27.

ఇక హారం 216, అందులో 27 ఉంది. కాబట్టి 10 సంభావ్యత 27/216, సరిగ్గా 0.125. 9 సంభావ్యత 0.115740740... అంటూ 740 తిరుగుతూనే ఉంటుంది. 11కూ 27 మార్గాలే. మూడు పాచికల మొత్తాల్లో ఆగేవి ఈ రెండే.

ఆదోని_నాన్న:
మరి పరీక్షలో?

గుత్తికోట:
దశాంశంలో అడిగితే తప్ప భిన్నమే రాయమనండి.

ఆదోని_నాన్న:
చెప్పాను. అది విని ఊరుకోలేదు, నాలుగు పాచికలకు పట్టిక వేసింది. హారం 1296, కావలసింది 81 గుణిజం. మూడు పాచికల వరుసలో పక్కపక్కనున్న ఆరేసి సంఖ్యలు కూడుకుంటూ పోయింది. మొత్తం 10 దగ్గర 3, 6, 10, 15, 21, 25 కూడితే 80. తర్వాతవి 104, 125, 140, 146, అక్కడి నుంచి మళ్ళీ అవే వెనక్కి. ఒక్కటీ ఆగలేదు. ఆ 80ని మాత్రం రెండుసార్లు కూడి చూసుకుంది.