ప్రాక్స్‌మాక్స్ 7.4 నుంచి 9కి విడతలవారీగా వెళ్లడం ఎలా?

అందరికీ నమస్కారం. మా కాలేజీలో మూడు నోడ్ల (సర్వర్ల) ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్ ఇంకా 7.4 మీదే నడుస్తోంది. ఒక్కో సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే సాఫ్ట్‌వేర్ ఇది. దానికి సపోర్ట్ 2024 జూలైలోనే ఆగిపోయింది. నేరుగా 9కి దూకే దారి లేదు. ముందు 8, ఆ తర్వాతే 9. స్టోరేజ్‌కి సెఫ్ వాడుతున్నాం, అంటే నోడ్లన్నిటి డిస్కులనూ కలిపి ఒకే స్టోరేజ్‌గా చూపే సాఫ్ట్‌వేర్. ఇప్పుడున్నది దాని పసిఫిక్ వెర్షన్. 8కి వెళ్లకముందే దాన్ని క్విన్సీ వెర్షన్‌కి, 9కి ముందు స్క్విడ్‌కి తేవాలి.

ఒక్కో నోడ్ మీది వీఎంలను పక్క నోడ్లకు లైవ్ మైగ్రేట్ చేసి (ఆపకుండానే తరలించి), సెఫ్‌లో నోఅవుట్ (నోడ్ ఆగినా డేటాను వేరేచోటికి సర్దకుండా ఆపే సెట్టింగ్) పెట్టి, ఖాళీ అయిన నోడ్‌ని అప్‌గ్రేడ్ చేద్దామని ప్లాన్. ఆ సేపు మిగిలిన రెండిటితో కోరం (క్లస్టర్ నడవడానికి కావాల్సిన మెజారిటీ) ఉంటుంది. ఇంకొకటి పడిందా, అంతే సంగతులు!

అసలు టెన్షన్ ర్యామ్ గురించి. నోడ్‌కి 128 జీబీ ఉంది, వీఎంలన్నీ కలిపి 200 జీబీ వాడుతున్నాయి. నోడ్‌కి నాలుగు ఓఎస్‌డీలు (ఒక్కో డిస్కును చూసుకునే సెఫ్ ప్రోగ్రామ్‌లు), ఒక్కోటి డిఫాల్ట్‌గా సుమారు 4 జీబీ తీసుకుంటుంది. రెండు నోడ్ల మీద లెక్క సరిపోయినట్టే ఉంది గానీ ఊపిరాడదు. ల్యాబ్ వీఎంలను ఆపేయడం మంచిదా, ఓఎస్‌డీ మెమరీ తగ్గించడమా?

రెండోది, కొత్త కర్నెల్‌తో నెట్‌వర్క్ కార్డు పేరు మారి, రీబూట్ తర్వాత నోడ్ నెట్‌వర్క్‌లో కనపడకుండా పోవచ్చంటారు. పాత పేరును ముందే మ్యాక్ అడ్రస్‌కి (కార్డు హార్డ్‌వేర్ నంబర్‌కి) కట్టేసి పెట్టుకున్నవాళ్లు ఉన్నారా?

పాత వెర్షన్ నోడ్ నుంచి కొత్త వెర్షన్‌దానికి వీఎం వెళ్తుంది, వెనక్కి రావడానికే గ్యారంటీ లేదు. అందుకే 8 మీద కొన్నాళ్లు ఆగి చూడాలని నా ఉద్దేశం. మా హెచ్‌ఓడీ గారేమో రెండు విడతలూ సెలవుల్లోనే కానిచ్చేయమంటున్నారు. చేసినవాళ్లు ఏమంటారు?