‘మిస్’ అంటే తప్పడమా, బెంగపడటమా?

నిన్న ఒకావిడ ఇక్కడ అడిగిన ప్రశ్న రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే విడిగా రాస్తున్నాను. ఆవిడ ఒక ఉత్తరాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నారు. ఈమధ్యే పోయిన ఒక పెద్దావిడ గురించి ఇంట్లోవాళ్లు రాసుకున్న ఉత్తరం అది. అందులో ‘భోజనాల దగ్గర ఆమె నవ్వుని మేమందరం మిస్ అవుతున్నాం’ అనే అర్థం వచ్చే వాక్యం దగ్గర ఆగిపోయారట. ‘మిస్‌కి తెలుగులో మాటే లేదా?’ అని అడిగారు. కింద ముగ్గురు నలుగురు లేదనే తేల్చేశారు. నేను ఒప్పుకోను.

ముందు ఆ మాట పుట్టుక చూద్దాం. పాత ఇంగ్లీషులో ‘మిస్సన్’ అని ఒక క్రియ ఉండేది. వేసిన దెబ్బ తగలకపోవడం, అనుకున్నది అందకుండా పోవడం దాని అర్థం. జర్మన్‌లోనూ డచ్‌లోనూ దాని తోబుట్టువులు ఇప్పటికీ ఉన్నాయి. మనిషి దూరమైతే మనసు పడే బాధ అన్న అర్థం ఆ తర్వాత చేరింది. పెళ్లికాని అమ్మాయి పేరు ముందు పెట్టే ‘మిస్’ వేరే మాట. అది ‘మిస్ట్రెస్’కి కురచ రూపం, 17వ శతాబ్దంలో వాడుకకెక్కింది. ఆ రెంటికీ చుట్టరికం లేదు. చుట్టరికం ఉన్నది ‘మిస్టేక్’తో. ఒకప్పుడు స్కాండినేవియాలో మాట్లాడిన పాత నార్స్ భాషలో ఒకదానికి బదులు ఇంకోటి తీసుకోవడాన్ని అలా అనేవారు. దాని ముందున్న ‘మిస్’, ఈ ‘మిస్’ ఒకే వేరు నుంచి వచ్చాయి.

ఇప్పుడు మన ‘తప్పు’ని పక్కన పెట్టి చూడండి. గురి తప్పింది. బస్సు తప్పిపోయింది. పిల్లాడు సంతలో తప్పిపోయాడు. పెద్ద ప్రమాదం తప్పింది. లెక్క తప్పింది, తాళం తప్పింది. ఆఖరికి కడుపుతో ఉందని చెప్పడానికి మనం ‘నెల తప్పింది’ అంటాం, ఇంగ్లీషువాళ్లూ అక్కడ ‘మిస్’ అనే అంటారు. పైగా ‘తప్పు’ అంటేనే పొరపాటు! గురి తగలకపోవడమూ పొరపాటూ అక్కడ ఒకే వేరు నుంచి వస్తే, ఇక్కడ ఒకే మాటలో ఉన్నాయి. ఈ రెండు భాషలకీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. తమిళంలో, కన్నడంలో కూడా ‘తప్పు’ ఉంది, అది మన ద్రావిడ సొత్తు. నాకు ఈ పోలిక తట్టిన రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మనం ఇంకో అడుగు ముందుకే వేశాం. ‘వెళ్లక తప్పదు’ అని విధిని చెప్పడానికి, ‘నువ్వు తప్ప’ అని మినహాయింపు చెప్పడానికి, ‘తప్పకుండా’ అని మాట ఇవ్వడానికి అదే ధాతువుని వాడుకున్నాం. ఇంగ్లీషు ‘మిస్’ అంత దూరం పోలేదు.

మరి ఇంత మాట ఉండగా ‘మిస్’ని ఎందుకు తెచ్చుకున్నామో గానీ, తెచ్చుకున్నాక దాన్ని అలాగే ఉంచలేదు. ఈ మూడు వాక్యాలు పైకి చదవండి: బస్సు మిస్సయింది. బస్సు మిస్ చేశాను. బస్సు మిస్ చేసుకున్నాను. మొదటిదాంట్లో ఎవరి తప్పూ లేదు, బస్సు వెళ్లిపోయింది, అంతే. రెండోదాంట్లో బాధ్యత నాది, కావాలనే వదిలేసి ఉండొచ్చు కూడా. మూడోదాంట్లో తప్పూ నాదే, నష్టమూ నాదే. ‘మంచి అవకాశం మిస్ చేసుకున్నాడు’ అంటాం గానీ ‘మిస్ చేశాడు’ అంటే ఆ జాలి పలకదు. ఇంగ్లీషులో ఈ మూడింటికీ ఒకటే వాక్యం. అరువు మాట తెచ్చినా దాని వెనక అవు, చేయు, కొను చేర్చి, తప్పెవరిదో నష్టమెవరిదో చెప్పే పని తెలుగే చేసుకుంటోంది. మాట పరాయిదైతే భాష పాడైపోయిందని బాధపడేవాళ్లు ఈ మూడు వాక్యాలూ ఒకసారి చూడాలని నా కోరిక.

మెకానిక్కులు ‘బండి మిస్సింగ్ కొడుతోంది’ అంటారు. ఇంజన్‌లో మంట అందుకోవాల్సిన క్షణంలో అందుకోకపోతే వచ్చే కుదుపు అది. ఇది తప్పు ఇంగ్లీషనుకుంటారు చాలామంది. కాదు, ఇంజన్ మంట తప్పినప్పుడు ఇంగ్లీషు మెకానిక్కులూ ‘మిస్’ అనే అంటారు. ‘కొడుతోంది’ మాత్రం అచ్చంగా మనది. ఇక ‘మిస్డ్ కాల్’. ఎత్తలేకపోయిన ఫోను అని దానర్థం, అంటే అవతలివాళ్లకి తప్పిపోయింది. మనమేమో ‘ఓ మిస్ కాల్ ఇవ్వండి’ అంటాం. తప్పిపోవాల్సినదాన్ని కావాలని ఇవ్వమంటున్నాం. ఎత్తకుండా కట్ చేసేసినా సరే, నంబరు చేరితే పని అయిపోయినట్టే.

పత్రికలవాళ్ల సంగతి కూడా ఒక మాట. మనిషి కనిపించకుండా పోతే ‘అదృశ్యం’ అని రాస్తారు, పడవ మునిగి కొందరు దొరక్కపోతే ‘గల్లంతు’ అని రాస్తారు. రెండుచోట్లా ఇంగ్లీషు పత్రిక ‘మిస్సింగ్’తోనే సరిపెడుతుంది. గల్లంతు అంటే అసలు అల్లరి, గందరగోళం. నీళ్లలో పోయినవాళ్లకి ఆ మాట ఎలా అతుక్కుపోయిందో గానీ, చదవగానే నీటి హోరు వినిపిస్తుంది నాకు.

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. ‘తప్పు’ ఎన్ని పనులు చేసినా ఒక్క పని చెయ్యదు, మనసు సంగతి చెప్పదు. ‘నేను నిన్ను తప్పిపోతున్నాను’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అందుకే ‘మిస్సవుతున్నాను’ ఇంతగా పాతుకుపోయింది.

మా అమ్మాయి చదువుకోడానికి వెళ్లిన కొత్తలో, ఫోన్లో ‘నిన్ను చాలా మిస్సవుతున్నాను అమ్మమ్మా’ అంది. మా అమ్మ కంగారుగా ‘ఏం మిస్సయ్యావే, బండా?’ అని అడిగింది. నేను పక్కనుంచి విషయం చెప్పాను. ఒక్క క్షణం ఆగి, ‘బెంగెట్టుకున్నావా తల్లీ’ అంది. అవతల నుంచి చాలాసేపు మాట రాలేదు. అప్పటిదాకా మామూలుగా మాట్లాడుతున్న పిల్ల ఆ ఒక్క మాటకి ఏడ్చేసింది.

బెంగ అంటే అదీ. ‘మిస్సవడం’ చెప్పుకునే మాట. బెంగ ఒంటికి పట్టే మాట, బెంగతో పిల్లలకి జ్వరాలొస్తాయి, తిండి సయించదు. ‘అమ్మ మీద బెంగ’ అంటాం, ‘ఊరి మీద బెంగ’ అంటాం. తెలంగాణలో ‘రంది’ పెట్టుకుంటారు, మనిషి ‘యాదికొస్తడు’. ఇవి కాక ‘నువ్వు లేకపోతే ఏం తోచడం లేదు’, ‘ఇల్లు బోసిపోయింది’, ‘ప్రాణం కొట్టుకుంటోంది’ ఉండనే ఉన్నాయి. వీటిలో ఒక సంగతి గమనించండి. ఇంగ్లీషు వాక్యంలో ‘నేను’ కర్త, పని చేసేది నేను. మన వాక్యాల్లో ‘నేను’ దాదాపు పక్కకి తప్పుకుంటుంది. నువ్వే గుర్తొస్తావు, ఇల్లే బోసిపోతుంది, నాకే ఏమీ తోచదు. ఫ్రెంచివాళ్లది కూడా ఈ దారే. వాళ్ల వాక్యంలో దూరమైన మనిషే కర్త, ‘నువ్వు నాకు కొరతవుతున్నావు’ అన్నట్టుంటుంది. కాబట్టి ‘మిస్’కి సమానమైన క్రియ కోసం వెతికితే దొరకదు. వాక్యాన్నే తిప్పి కట్టాలి.

దేన్ని ఎంచుకోవాలంటే, నేను చూసేది ఒక్కటే: ఆ మనిషి మళ్లీ వస్తుందా రాదా. తిరిగొచ్చే మనిషి మీదే బెంగ పెట్టుకుంటాం. కలిసినప్పుడు చెప్పుకునేదైతే ‘నువ్వు లేక ఎంత తోచలేదో’ సరిపోతుంది. పోయినవాళ్ల విషయంలో ‘బెంగ’ నప్పదు, అక్కడ లోటు, వెలితి. ఈ రెంటికీ మధ్య కూడా తేడా ఉంది. లోటు నలుగురి మధ్య చెప్పే మాట, సంతాపసభలో ‘ఆయన లేని లోటు తీరనిది’ అని వినీ వినీ కాస్త అరిగిపోయింది. వెలితి ఇంట్లో మాట. నిండుగా ఉండాల్సిన పాత్రలో అడుగంత ఖాళీ. మన ఉత్తరంలో ఉన్నది పెద్దావిడ గొప్పతనం కాదు, ఆవిడ నవ్వు, అదీ భోజనాల దగ్గర. అందుకని వెలితే కావాలి.

నేనైతే ఇలా రాస్తాను: ‘భోజనాలకి కూర్చున్నప్పుడల్లా ఆవిడ నవ్వు వినిపించక మా అందరికీ వెలితిగా ఉంటోంది.’ ‘మేమందరం’ అన్న కర్త పోయి ‘మా అందరికీ’ అయింది చూడండి. ఉత్తరం రాసినవాళ్లు ఆవిడకి మరీ దగ్గరివాళ్లైతే ‘వెలితిగా ఉంటోంది’ బదులు ‘ముద్ద దిగడం లేదు’ అనొచ్చు. కానీ అది ఇంగ్లీషు వాక్యం అన్నదానికంటే ఎక్కువ అంటుంది. ఆ నిర్ణయం మీదే, ఉత్తరం మొత్తం చదివింది మీరే కదా.