8 జీబీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెమరీ ఎంత పెట్టాలి?

ప్రశ్న: అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఆండ్రాయిడ్ కోర్సు చేస్తున్నాను. విండోస్ 11, ర్యామ్ 8 జీబీ, సీ డ్రైవ్ 120 జీబీ ఎస్ఎస్‌డీ. ఎస్ఎస్‌డీ అరిగిపోతుందని రూమ్మేట్ పేజింగ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డ్రైవ్‌లో వాడుకునే ఫైల్, వర్చువల్ మెమరీ సెట్టింగ్ దీనికే) తీసేశాడు. అప్పట్నుంచి ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లోనే ఫోన్‌లా నడిచే ప్రోగ్రామ్), క్రోమ్ కలిపి తెరిస్తే ఏదో ఒకటి మూసుకుపోతోంది. వచ్చే వారం ప్రాజెక్ట్ చూపించాలి, టెన్షన్‌గా ఉంది. ర్యామ్‌కి ఒకటిన్నర రెట్లు పెట్టమంటారా?

జవాబు: ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరువు తమ్ముడూ. ‘కమిటెడ్’ దగ్గర ఎంతుంది?

ప్రశ్న: 7.5/7.8 ఉందన్నా. వాడుతున్నది మాత్రం 6.1 జీబీయే.

జవాబు: సమస్య అదే. ప్రోగ్రామ్‌లు మెమరీని ముందే అడిగి పెట్టుకుంటాయి. పండక్కి ఊరెళ్లే బస్సులో సీట్లన్నీ రిజర్వ్ అయిపోయాక, ఎవరూ ఎక్కకపోయినా కొత్త టికెట్ ఇవ్వరు కదా, అలాగే. ఆ రెండో అంకె ర్యామ్, పేజింగ్ ఫైల్ కలిపిన పరిమితి. ఫైల్ తీసేశారు కాబట్టి నీకు ర్యామ్ ఒక్కటే మిగిలింది.

స్టార్ట్‌లో ‘అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్’ అని వెతికి తెరువు. అక్కడ వరుసగా పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ కింద ఛేంజ్ నొక్కు. పైనున్న ‘ఆటోమేటిగ్గా’ అనే గడిలో టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యి. ఒకటిన్నర రెట్ల లెక్క ర్యామ్ బాగా తక్కువున్న రోజులది, దాన్ని పట్టుకోకు. ఆటోమేటిక్‌లో ఫైల్ ర్యామ్‌కి మూడు రెట్ల దాకా పెరగొచ్చు, కానీ మామూలుగా డ్రైవ్ సైజులో ఎనిమిదో వంతు దాటదు. నీకు దాదాపు 15 జీబీ. సీ డ్రైవ్‌లో అంత ఖాళీ ఉంచుకో.

ఇంకొకరు: నేను 16 జీబీతో పేజింగ్ ఫైల్ లేకుండానే వాడుతున్నానండీ, ఏ ఇబ్బందీ లేదు.

జవాబు: మీ పని ఆ 16లో సరిపోతోందండీ. అయినా ఉంచుకోమనే చెప్తాను. బ్లూ స్క్రీన్ వస్తే కారణం వెతకడానికి కావాల్సిన డంప్ ఫైల్ రాయడానికి కూడా అది అవసరం. మామూలు వాడకానికి ఎస్ఎస్‌డీ అరుగుతుందన్న భయం అక్కర్లేదు.

ప్రశ్న: పెట్టానన్నా. ఇప్పుడు 8.9/13.4. మూడూ నడుస్తున్నాయి, ఎమ్యులేటర్ మాత్రం కొంచెం నెమ్మది.

జవాబు: ఎస్ఎస్‌డీ ఎంతైనా ర్యామ్ వేగం అందుకోదు. రోజూ ఇదే పనైతే ఇంకో 8 జీబీ వేయించు. కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఎస్పీ రోడ్డుకి వెళ్లే ముందు నీ మోడల్‌లో ఖాళీ స్లాట్ ఉందో, ర్యామ్ బోర్డుకే అతికించి ఉందో చూసుకో. ఏ రకం ర్యామో కూడా చూసుకో, డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు. అప్పటిదాకా ఎమ్యులేటర్ బదులు నీ ఫోన్‌నే కేబుల్‌తో పెట్టి యాప్ నడుపు, చాలా మెమరీ మిగులుతుంది.