హెచ్‌ఎంటీ వాచీల మీద చేతిచమురు వదిలింది, బయటపడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సొరుగు_సుబ్బు
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మా బీరువా కింది సొరుగు నిండా హెచ్‌ఎంటీలే. జనతాల్లోనే తెల్ల డయల్, నల్ల డయల్, హిందీ అక్షరాలవి వేర్వేరుగా ఉన్నాయి. పైలట్‌లు, కోహినూర్‌లు, ఒక ఝలక్, కంచన్‌లు రెండు. మొన్న క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూడితే లక్షా డెబ్బై వేలు దాటింది. బెల్టులు, ఆయిలింగు అందులో కలపలేదు. ఒక్కోటీ వెయ్యి, పదిహేను వందలే కదా అనుకుంటూ కొన్నవే అన్నీ. ఈ నెల పాప స్కూలు ఫీజు కట్టాలి, టెన్షన్‌గా ఉంది.

అమ్మితే ఎంత వెనక్కొస్తుంది? ఎక్కడ అమ్మాలి? ఇంట్లో ఎలా చెప్పాలి? ఈ యావ ఎలా తగ్గుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి_గట్టు
సుబ్బుగారూ, మీవి కనీసం టైమైనా చూపిస్తాయి. నా రోగం పెన్నులు. మాది రాజమండ్రి, కాబట్టి రత్నం పెన్నుతోనే మొదలైంది. 1932లో స్వదేశీ ఉద్యమం రోజుల్లో పెట్టిన కంపెనీ, గాంధీగారికి పెన్ను పంపిన చరిత్ర, చేత్తో తిప్పి చేసిన ఎబొనైటు (గట్టిపరిచిన రబ్బరు) ఒళ్లు... ఇంత కథ ఉన్నాక ఒకదాంతో ఎవడాగుతాడు? ఇప్పుడు అన్నింట్లో ఇంకు ఎండిపోయి కూర్చుంది. నేను సంతకం పెట్టేది చెక్కుల మీద మాత్రమే. యూపీఐ వచ్చాక ఆ చెక్కులూ పోయాయి.

డయల్_డాక్టర్
ముందు ఫొటోలు పెట్టండి. డయల్ దగ్గరగా, వెనక మూత తీసి మిషను, మూత లోపలి వైపు. ఇవి చూడకుండా రేటు చెప్పేవాడు మోసగాడు. నేను పదిహేనేళ్లుగా ఇదే చూస్తున్నాను. ఈ గ్రూపులో నా కంట పడకుండా దాటిన దొంగ డయల్ లేదు.

సొరుగు_సుబ్బు
పెట్టాను సార్. వెలుతురు సరిగ్గా లేదు, ఏమనుకోకండి.

డయల్_డాక్టర్
చూశాను. నీలం పైలట్, ఆరెంజ్ పైలట్, ఆకుపచ్చ జనతా, మూడూ రీపెయింటే. కోహినూర్‌లలో ఆ ఎర్రటిది కూడా. నిమిషాల గీతలు చూడండి, గంట గుర్తుల దగ్గరికొచ్చేసరికి పక్కకు జరిగాయి. అక్షరాలు లావుగా, అంచులు పాకినట్టు ఉన్నాయి. పాత డయల్ గీకేసి, రంగేసి, కొత్త ముళ్లు పెట్టి, కేసు పాలిష్ కొట్టి ఆన్‌లైన్‌లో అమ్మే సరుకు ఇది. మేం దీన్ని ముంబై సరుకు అంటాం. కంచన్‌లు బాగున్నాయి. హిందీ జనతా చాలా బాగుంది, దాన్ని మాత్రం వదలకండి. మిగిలినవి అమ్మితే అడ్డికి పావుసేరే.

పాలమూరు_పోరడు
డాక్టర్ అన్నా, ఆయన ఫీజు కట్టాలని ఏడుస్తుంటే నువ్వు పోస్ట్‌మార్టం రిపోర్టు ఇస్తున్నావేంది? రీపెయింట్ అయితే ఏమైంది? లోపల మిషను హెచ్‌ఎంటీదే కదా. నా చేతికున్న పైలట్ కూడా నీలం రంగుదే. రోజూ పెట్టుకుంటా, టైం చూపిస్తది. నాకు అది చాలు.

డయల్_డాక్టర్
టైం చూడ్డానికి నీ ఫోను చాలు తమ్ముడూ. కలెక్షన్ అన్నాక ఒరిజినల్ అనే మాటకు విలువ ఉంటుంది. డయల్ ఒకచోటిది, ముళ్లు ఇంకోచోటివి, కీ తిప్పే బుడిపె మూడోచోటిది. అది వాచీ కాదు, అతుకుల బొంత.

పాలమూరు_పోరడు
ఆ అతుకులు వేసేటోళ్లే లేకుంటే ఈపాటికి అన్నీ పాత ఇనప సామాను కింద పోయేవి. బస్టాండ్ పక్కన గుడ్డ పరుచుకుని వాచీలు బాగుచేసే మనిషి దగ్గర నీ ఒరిజినల్ స్పేర్లు ఏడికెల్లి వస్తయి? ఫ్యాక్టరీలే మూసేసిరి. ఉన్నదాంతో నడిపిస్తున్నడు.

డయల్_డాక్టర్
బాగుచేయడం వేరు, రంగేసి ‘న్యూ ఓల్డ్ స్టాక్’ అని, అంటే అమ్ముడుపోక మిగిలిన పాత కొత్త సరుకని, అమ్మడం వేరు. ఈ తేడా అర్థం కాకపోతే నేనేం చెప్పినా దండగ.

పాలమూరు_పోరడు
మాకు అర్థం కాదు లే. మ్యూజియం పెట్టుకో నువ్వు.

వాచీలాయన_ఆవిడ
మీరిద్దరూ ఆగితే ఆయన అడిగిన మూడో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. ఇంట్లో ఎలా చెప్పాలి అన్నారు. సుబ్బుగారూ, మీ ఆవిడకు ఆ సొరుగు సంగతి ఎప్పుడో తెలిసే ఉంటుంది. మా ఇంట్లో ‘ఆఫీసు పార్సిల్’ అని వచ్చిన ప్రతి డబ్బా చప్పుడూ నాకు తెలుసు. నాకు కోపం వచ్చింది వాచీల మీద కాదు. ఫ్రిజ్ పాడైతే ‘ఈ నెల కుదరదు’ అన్న మనిషి అదే వారం ఇంకో వాచీ తెచ్చాడు. దాని గ్లాసుకి టూత్‌పేస్టు రాసి గంటసేపు రుద్దుతుంటే, పెళ్లయ్యాక నా ముఖం కేసి అంతసేపు చూశాడా అనిపించింది. చెప్పేటప్పుడు మొత్తం అంకె చెప్పండి. ‘ఓ యాభై వేలు’ అని మొదలుపెట్టి తర్వాత పెంచకండి.

గోదారి_గట్టు
మేడమ్, టూత్‌పేస్టు సంగతి నిజమేనా? గీతలు పోతాయా?

వాచీలాయన_ఆవిడ
ప్లాస్టిక్ గ్లాసు కాబట్టి సన్న గీతలు పోతాయి. మీరు అందులోంచి ఇదొక్కటే పట్టుకున్నారన్నమాట.

కొత్తగా_చేరా
హాయ్ అండి. మా తాతగారి కంచన్ రోజుకి ఇరవై నిమిషాలు ముందుకు పరిగెడుతోంది. పోయిన నెల వరకు బాగానే ఉంది. ఏం చేయాలి?

నెల్లూరు_రెడ్డి
కంచన్ పేరు వినగానే మా పెద్దన్నయ్య పెళ్లి గుర్తొచ్చింది. బంగారు రంగు కేసు, కీ ఇవ్వక్కర్లేని ఆటోమేటిక్. పెళ్లికొడుక్కి కంచన్ పెట్టారంటే మామగారు గట్టివాడని ఊరంతా చెప్పుకునేవాళ్లు. షాపులో అడగ్గానే దొరికేది కాదు, ఎవరో ఒకరి చేత చెప్పించుకోవాలి. వాచీ, సైకిలు, రేడియో, ఆ రోజుల్లో కట్నం అంటే అంతే. ఎంత ముచ్చటగా ఉండేదో.

వాచీలాయన_ఆవిడ
ఇచ్చినవాళ్లకు కూడా ముచ్చటగానే ఉండేదా రెడ్డిగారూ? మా అమ్మ పెళ్లిలో వాచీ తక్కువైందని మా నాన్న మూడు ముళ్లూ వేయడానికి లేవలేదట. అప్పటికప్పుడు మా మేనమామ తన చేతిది విప్పి ఇచ్చాడు.

నెల్లూరు_రెడ్డి
నేను కట్నాన్ని సమర్థించలేదమ్మా. వాచీ గురించి చెప్పాను.

పాలమూరు_పోరడు
అక్క చెప్పింది కరెక్టే. ఈ పాత రోజుల పొగడ్తల్లోనే మన జేబులకు చిల్లు పడింది.

చింతల్_టర్నర్
నేను హైదరాబాద్ హెచ్‌ఎంటీలో టర్నర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ చాలామంది హైదరాబాద్‌లో వాచీలు చేసేవారు అనుకుంటున్నారు. మేం చేసింది మెషిన్ టూల్స్. అసలు హెచ్‌ఎంటీ అంటేనే హిందుస్థాన్ మెషిన్ టూల్స్, 1953లో మొదలైంది అందుకే. వాచీలు 1961లో జపాన్ సిటిజన్ వారి సహకారంతో బెంగళూరులో మొదలుపెట్టారు. తర్వాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్. వాచీల కంపెనీ మూసివేతకు కేంద్ర కేబినెట్ 2016 జనవరిలో ఒప్పుకుంది. మా కాలనీలో ఎవరింటికెళ్లినా మనిషికి ఒక్కటే వాచీ. రెండోది కొనాలనే ఆలోచన రాలేదు, మొదటిది ఆగితే కదా. ఒకే రకం వాచీ రంగుకొకటి కొనడం అంటే, పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టే ఉంది. ఏమీ అనుకోవద్దు.

గోదారి_గట్టు
సార్, అయితే హెచ్‌ఎంటీ ట్రాక్టర్లు ఎక్కడ చేసేవారు?

చింతల్_టర్నర్
హర్యానాలో పింజోర్.

అన్నం_ఆనంద్
హెచ్‌ఎంటీ అంటే బియ్యం అనుకుని వచ్చా. మాకు ఈసారి పాతిక కిలోల బస్తా రేటు బాగా పెరిగింది. మీ దగ్గర ఎంత?

డయల్_డాక్టర్
ఇది వాచీల చర్చ.

అన్నం_ఆనంద్
తెలుసు బ్రదర్. కానీ ఆ బియ్యానికి పేరొచ్చింది మీ వాచీ వల్లే. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రాగడే అనే చిన్న రైతు తన పొలంలో తేడాగా ఉన్న కంకులు ఏరి, ఏళ్ల తరబడి పెంచి తయారుచేసిన వరి అది. అప్పట్లో హెచ్‌ఎంటీ వాచీ అంటే క్రేజ్ కాబట్టి ఆ పేరే పెట్టారు. ఆయన 2018లో పోయారు. మన తెలంగాణలో సన్నబియ్యం అంటే సోనాతో పాటు దీని పేరే చెబుతారు. వాచీలకు లక్షలు పోశారు, ఆ రైతుకు దాని మీద పెద్దగా మిగిలిందేం లేదు.

నెల్లూరు_రెడ్డి
మా నెల్లూరు మొలకొలుకుల ముందు మీ హెచ్‌ఎంటీ ఏపాటిది?

అన్నం_ఆనంద్
ఇప్పుడు మొలకొలుకులు పండిస్తున్నదెవరు సార్, ఎన్ని ఎకరాల్లో? తినే బియ్యం గురించి మాట్లాడుకుందాం.

కొత్తగా_చేరా
ఎవరైనా నా కంచన్ సంగతి చెప్పగలరా? ఇవాళ ఇరవై ఐదు నిమిషాలు ముందుంది.

అమ్మేసినవాణ్ణి
బియ్యం పక్కన పెట్టండి. సుబ్బుగారూ, నేను ఇదంతా దాటి వచ్చినవాణ్ణే, సగానికి పైగా వదిలించుకున్నా. మొత్తం గుత్తగా డీలర్‌కి ఇవ్వకండి. వాళ్లు అన్నింటికీ రీపెయింట్ రేటే కడతారు, మంచివి ఆ గంపలోనే కలిసిపోతాయి. ఒక్కొక్కటిగా అమ్మండి. మిషను ఫొటో పెట్టండి, రీపెయింట్‌ని రీపెయింట్ అనే రాయండి. అలా రాసినా కొనేవాళ్లున్నారు, కాలేజీ కుర్రాళ్లకు రంగు డయల్ ఇష్టం. నాకు రంగువి పెట్టిన డబ్బులో సగం, కొన్నింటికి ఇంకా తక్కువ వచ్చాయి. మంచి జనతాలకు పెట్టిందానికంటే కాస్త ఎక్కువే వచ్చింది. సర్వీసింగు ఖర్చు మాత్రం ఎవడూ ఇవ్వడు, అది మర్చిపోండి.

యావ తగ్గడం గురించి అడిగారు. నేను అమ్మకాల గ్రూపులన్నీ మ్యూట్ చేశాను. రాత్రి పదకొండు తర్వాత ఫోన్‌లో వాచీలు చూడటం మానేశాను, నా కొనుగోళ్లన్నీ ఆ టైంలోనే అయ్యాయి. బెంగళూరు వెళ్లినప్పుడు జాలహళ్లిలో హెచ్‌ఎంటీ హెరిటేజ్ సెంటర్ చూశాను. అన్ని మోడళ్లూ అక్కడ వరసగా ఉన్నాయి. వాటిని చూసొచ్చాక ఇంట్లోనూ అన్నీ ఉండాలనే పట్టుదల కొంచెం సడలింది. అందరికీ అలా అవుతుందని చెప్పను. మా ఫ్రెండ్‌ని తీసుకెళ్తే తిరిగొచ్చేటప్పుడు రైల్లోనే ఇంకో రెండు ఆర్డర్ పెట్టాడు.

డయల్_డాక్టర్
సగం కంటే తక్కువ వచ్చాయంటే మీరు తొందరపడ్డారు. నా దగ్గరికి పంపించి ఉంటే...

అమ్మేసినవాణ్ణి
మీకు రెండు చూపించాను సార్. అడిగిన దాంట్లో మూడోవంతు ఇస్తామన్నారు. స్క్రీన్‌షాట్ ఉంది, పెట్టమంటారా?

పాలమూరు_పోరడు
పెట్టన్నా పెట్టు.

డయల్_డాక్టర్
వ్యక్తిగత సంభాషణలు బహిరంగంగా పెట్టడం ఈ గ్రూపు నిబంధనలకు విరుద్ధం. నాకు వేరే పనులున్నాయి.

సొరుగు_సుబ్బు
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి ఇంట్లో చెప్పాను, మొత్తం అంకె. మేడమ్ అన్నట్టే ఆమెకు సొరుగు సంగతి తెలుసు, అంకె మాత్రం తెలియదు. గొడవ అయింది. ఇంకా అవుతూనే ఉంది, కాబట్టి ఎక్కువ రాయలేను. రంగు పైలట్‌లు, ఎర్ర కోహినూర్, ఝలక్ ఈ వారం అమ్మకానికి పెడుతున్నాను, రీపెయింట్ అనే రాసి. ఫీజుకు అవి చాలవు. కంచన్ ఒకటి కూడా పెట్టాలేమో.

నెల్లూరు_రెడ్డి
కంచన్ ఎంత?

వాచీలాయన_ఆవిడ
రెడ్డిగారూ, మీ ఇంట్లో నంబరు ఉంటే ఇవ్వండి, ఆవిడతో మాట్లాడాలి.

కొత్తగా_చేరా
నేను వేరే చర్చ మొదలుపెట్టుకుంటాను లెండి.

చింతల్_టర్నర్
అక్కర్లేదు బాబూ, ఇక్కడే చెబుతాను. బాగా నడిచే వాచీ ఉన్నట్టుండి ఇంతగా ముందుకు పోతుంటే చాలావరకు అయస్కాంతం పట్టడమే. లోపల చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, దాంతో ఆ చక్రం గబగబా ఊగుతుంది. చిన్న దిక్సూచి తెచ్చి వాచీ దగ్గర పెట్టు, ముల్లు కదిలితే అదే. అయస్కాంతం తీసే చిన్న మిషను చాలామంది వాచీ మెకానిక్‌ల దగ్గర ఉంటుంది, రెండు నిమిషాల పని. మిషను మొత్తం మార్చాలి అని ఎవరైనా అంటే వాచీ తీసుకుని వచ్చేయ్. దిక్సూచి ముల్లు కదలకపోతే ఆయిలింగు చూపించాలి. రాత్రి వాచీ ఎక్కడ పెడతావు?

కొత్తగా_చేరా
ట్యాబ్ మీద పెడతానండి. కవర్ మూసేస్తే టక్కున అతుక్కునే రకం.

చింతల్_టర్నర్
ఆ కవర్‌లోనే అయస్కాంతం ఉంది. ఇవాళ్టి నుంచి వేరేచోట పెట్టు.