ఇంటి రేవులో తాళ్లు ఎప్పుడూ కట్టే ఉంచాలా, ఎప్పటికప్పుడు విప్పాలా?

వెంకటపాలెం ఒడ్డు: కృష్ణ ఒడ్డున మా తోట దగ్గర చిన్న చెక్క రేవు వేయించాం. పదహారడుగుల ఫైబర్ పడవ. వచ్చిన ప్రతిసారీ తాళ్లు సరిచూసి కట్టడం విసుగ్గా ఉంది. కొలత చూసి కోసి, గుంజలకే ఉంచేసి, రాగానే కొసనున్న ఉచ్చు తగిలిద్దామని నా ఆలోచన. బావగారేమో "అలా వదిలేస్తే తాడు సంగతే మర్చిపోతావు" అంటున్నారు. మీరేమంటారు?

పాత ఇంజిన్: ఉంచేయండి. మనకి సముద్రంలాగా పోటూపాటూ లేవు కదా. ప్రకాశం బ్యారేజీ ఎగువన మామూలు రోజుల్లో నీళ్లు పన్నెండడుగుల దగ్గరే నిలబెడతారు. ఒకసారి తీసిన కొలత సరిపోతుంది. ముందు పడవ నడుము నుంచి వెనక గుంజకి ఏటవాలుగా పోయే తాడు తగిలించండి. ఇంజిన్ నెమ్మదిగా ముందుకి వేస్తే పడవ దానంతటదే రేవుకి ఆనుకుంటుంది. మిగతావి నింపాదిగా తగిలించుకోవచ్చు. చీకట్లో ఒక్కడినే వచ్చినా నాకు టెన్షన్ ఉండదు.

కరకట్ట మనిషి: మామూలు రోజులకి ఏ తాడైనా చాలు గురువుగారూ. 2024 సెప్టెంబరు మొదట్లో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లని, అంటే గేటు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మల్ని, గుద్దాయి. వాటిని బయటికి లాగడానికి రోజులు పట్టింది. కొలతకి కోసిన తాడుంటే నీళ్లు పెరిగినప్పుడు పడవ మునగాలి, లేదా గుంజ ఊడాలి.

ఇంకోటి. మూడేళ్లు కదపని నా తాడు పైకి బాగానే ఉండేది. కొక్కెం దగ్గర పురి విప్పి చూస్తే లోపల పిండిలా రాలింది. బావగారి మాట నిజం.

పాత ఇంజిన్: అది నీలం ప్లాస్టిక్ తాడై ఉంటుంది, ఎండకి చస్తుంది. నైలాన్ వాడండి, కుదుపుకి సాగుతుంది. రాపిడి తగిలేచోట తోట పైపు ముక్క తొడగండి. ఉచ్చుకి ముడి వెయ్యకండి, ముడి దగ్గర తాడు బలం సగం దాకా పడిపోవచ్చు. కొసన పురులు విప్పి, వెనక్కి మడిచి తాడులోకే అల్లించండి.

వెంకటపాలెం ఒడ్డు: పడవ రేవుకి కొట్టుకోకుండా ఆటోనగర్ నుంచి పాత టైర్లు తెచ్చి వేలాడదీస్తే చాలా?

కరకట్ట మనిషి: చెక్క పడవకైతే భేషుగ్గా చాలు. ఫైబర్‌కి నల్ల మరకలు, రుద్దలేక చస్తారు. పైగా టైర్లో నీళ్లు నిలిచి దోమలు. కింద బెజ్జం పెట్టడం ఎవరికీ గుర్తుండదు. గాలి నింపిన రబ్బరు దిమ్మల్ని గుంజకి నిలువుగా కట్టండి. అడ్డంగా కడితే నీళ్లు కాస్త పెరగ్గానే పడవ వాటి పైకి వచ్చేస్తుంది.

వెంకటపాలెం ఒడ్డు: తాడు గుంజకి కాకుండా, నిలువు ఇనుప గొట్టం చుట్టూ జారే రింగుకి కడితే? నీళ్లతో పాటు అదీ లేస్తుంది కదా.

పాత ఇంజిన్: ఇది బాగుంది. గొట్టం పైకొస మాత్రం మూయించండి, లేదంటే రింగు ఊడి వచ్చేస్తుంది.

కరకట్ట మనిషి: మూస్తే పైకొస దగ్గర పడవ ఆగిపోతుంది, మళ్లీ అదే కథ! బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. నేను అందాకా ఆగను. ఎగువనున్న పులిచింతల డ్యామ్ నుంచి నీళ్లు బాగా వదులుతున్నారని వినగానే పడవ ట్రాక్టర్ ఎక్కుతుంది. మీకు ట్రాక్టర్ ఉందా?

వెంకటపాలెం ఒడ్డు: బావగారికుంది. ఇప్పుడు ఆయన్నే అడగాలి.