పైథాన్ వచ్చు, దుకాణంలో నడిచే సాఫ్ట్‌వేర్ ఎట్ల మొదలుపెట్టాలి?

మిర్చి_కోడర్:
అన్నలూ, మా మామకు వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి (కమీషన్ దుకాణం) ఉంది. తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు) ఇంకా చేత్తోనే రాస్తారు, బస్తాల తూకం, ధర వేసి, హమాలీ, కాంటా ఖర్చులు తీసేసి రైతుకు ఎంత రావాలో క్యాలిక్యులేటర్ మీద లెక్క. సీజన్లో పొద్దుగూకేదాకా ఇదే పని. నాకు పైథాన్ వచ్చు గానీ అన్నీ నల్ల తెర మీద నడిచేవే రాసిన. ఐకాన్ నొక్కితే తెరుచుకోవాలి, నెట్ లేకున్నా నడవాలి. ఒకరు సీ షార్ప్ భాష అంటారు, ఒకరు వెబ్ పేజీల పద్ధతిలో యాప్‌లు చేసే ఎలక్ట్రాన్ అంటారు. దుకాణంలో ఉన్నది విండోస్ 7, ర్యామ్ 2 జీబీ.

కాజీపేట_జంక్షన్:
కొత్త భాష ఎందుకు తమ్మీ? విండోలు, బటన్లు చేసే టికింటర్ పైథాన్‌తోనే వస్తుంది, డేటా దాచుకునే ఎస్‌క్యూలైట్ కూడా అందులోనే ఉంది. నువ్వు అలవాటు పడాల్సింది ఒక్కటే: ఇప్పటిదాకా నీ ప్రోగ్రాం పైనుంచి కిందికి నడిచి ఆగిపోయింది, ఇక్కడ నువ్వేం నొక్కుతావా అని చూస్తూ మెయిన్‌లూప్ తిరుగుతూనే ఉంటుంది, బటన్ నొక్కితేనే నీ ఫంక్షన్‌కు పని. ఆ ఫంక్షన్లో స్లీప్ (కాసేపు ఆగమనే ఆదేశం) పెట్టావంటే విండో మొత్తం బిగుసుకుపోతుంది. ఎలక్ట్రాన్ మాట మర్చిపో, వెర్షన్ 23 నుంచి విండోస్ 7 మీద నడవదు, పైగా ఒక క్రోమియమ్ బ్రౌజర్‌నే వెంటేసుకుని వస్తుంది, ఆ 2 జీబీ దానికే చాలదు.

పాత_సిస్టమ్:
పైథాన్‌కూ అదే చిక్కుంది. వెర్షన్ 3.9 నుంచి విండోస్ 7 మీద ఎక్కదు, 3.8 వాడు. టికింటర్‌కు బదులు పైసైడ్6 వాడితే చూడటానికి బాగుంటుంది కానీ దాని వెనకున్న క్యూట్ 6కు విండోస్ 10 కావాలి. సిస్టమ్ 32 బిట్టా, 64 బిట్టా ముందు చూడు, 32 అయితే పైథాన్ కూడా 32దే ఉండాలి. పైఇన్‌స్టాలర్‌తో ఈఎక్స్ఈని (ఐకాన్ నొక్కితే నడిచే ఫైలు) విండోస్ మీదే చెయ్యి, లైనక్స్‌లో చేస్తే లైనక్స్‌దే వస్తుంది. అందులో వన్‌ఫైల్ (అంతా ఒకే ఫైలుగా కట్టే పద్ధతి) వద్దు, తెరిచిన ప్రతిసారీ టెంప్ ఫోల్డర్‌లో విప్పుకుంటుంది, పాత డిస్క్ మీద మామకు ఓపిక నశిస్తుంది. డేటాబేస్ కూడా పొరపాటున అందులోనే పెడితే మూసేయగానే లెక్కలన్నీ గాయబ్.

లెక్కల_పంతులు:
స్క్రీన్ కంటే ముందు లెక్కను వేరే ఫైల్లో రాయి, అందులో ఇన్‌పుట్, ప్రింట్ ఉండొద్దు. డబ్బులకు ఫ్లోట్ వాడకు, పైసల్లో తేడా రావచ్చు, డెసిమల్ వాడు. క్వింటా 14,250 చొప్పున 43 కిలోల 500 గ్రాముల బస్తాకు 6,198 రూపాయల 75 పైసలు రావాలి, ముందు అది సరిగ్గా వస్తోందా చూడు. ఒకరోజు మామ పక్కన కూర్చో, తక్‌పట్టీలో ఏది ముందు రాస్తే పెట్టెలు అదే వరుసలో పెట్టు, ఎంటర్ కొడితే తర్వాతి పెట్టెకు పోవాలి. మౌస్ పట్టుకోవాల్సి వస్తే ఆయన మళ్లీ పెన్నే తీస్తాడు.

మిర్చి_కోడర్:
ఫోన్ చేసి చూడమన్న, 32 బిట్టే అంట. 3.8 దించుకుంటున్న. రైతుల పేర్లు తెలుగులో కొట్టొచ్చా?

కాజీపేట_జంక్షన్:
కొట్టొచ్చు, ఫాంట్ గౌతమి పెట్టు, విండోస్ 7లో ఉంటుంది.