కేబుల్ ఉన్నా వైఫై ఆపితే నెట్ పోతోంది – స్టాటిక్ ఐపీ పెట్టినప్పటి నుంచీ ఇదే గోల

కొత్తపెంగ్విన్:

అందరికీ నమస్తే. రెండు రోజులుగా దీనితోనే కూర్చున్నా, ఇక నా వల్ల కాక అడుగుతున్నా. ఖాళీగా పడున్న పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ (లైనక్స్) వేశాను, ఫైళ్లన్నీ అందులో పెట్టుకుని ల్యాప్‌టాప్ నుంచి తీసుకుందామని. ఇంటి నెట్‌వర్క్‌లో దాని ఐపీ అడ్రస్ మాటిమాటికీ మారకుండా 192.168.1.50 ఖాయం చేద్దామనుకుని (స్టాటిక్ ఐపీ అంటే అదే) నెట్‌లో దొరికిన ఒక పాత వ్యాసం చూసి, కార్డుకి అడ్రస్ పెట్టే ఇఫ్‌కాన్ఫిగ్ కొడితే అసలు ఆ కమాండే లేదంది. నెట్‌టూల్స్ ప్యాకేజీ వేసుకుని మళ్లీ కొట్టా, అడ్రస్ వచ్చింది, బ్రహ్మాండంగా నడిచింది, రీబూట్ చేస్తే మాయం. మళ్లీ వెతికితే ఎన్‌ఎంసీఎల్‌ఐ అనే కమాండ్ వాడమన్నారు, దాంతో అడ్రస్ 192.168.1.50, మెథడ్ మాన్యువల్ అని పెట్టా. ఈసారి రీబూట్ చేసినా నిలబడింది. ల్యాప్‌టాప్ నుంచి పింగ్ చేస్తే (ఉన్నావా అని పలకరిస్తే) జవాబు వస్తోంది, డెస్క్‌టాప్‌లో నెట్ కూడా నడుస్తోంది.

సమస్య ఏంటంటే ఫైళ్ల కాపీ మరీ నెమ్మది, కేబుల్ ఉన్నా సెకనుకు 4 మెగాబైట్లు దాటట్లేదు. ఇక కేబుల్ ఉంది కదా వైఫై ఎందుకని ఆపేస్తే మొత్తం పోయింది, నెట్ లేదు, పింగ్ లేదు. ఆన్ చేస్తే మళ్లీ అంతా మామూలే. కేబుల్ పోయిందా అనుకుంటే నెట్‌వర్క్ కార్డు దగ్గర లైట్ వెలుగుతూనే ఉంది. ఇంకోటి, సైట్ల పేర్లు ఎవరిని అడగాలో చెప్పే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో 127.0.0.53 అని ఏదో పిచ్చి అడ్రస్ ఉంటే తీసేసి గూగుల్‌ది 8.8.8.8 రాశా, రీబూట్ చేస్తే మళ్లీ అదే వచ్చి కూర్చుంది. కార్డు పాడైందంటారా?

(ఫోన్‌లో టైప్ చేస్తున్నా, కమాండ్లన్నీ పలికినట్టే రాస్తున్నా, ఏమనుకోకండి.)

వేరు_మూలం:

కార్డు బానే ఉన్నట్టుంది, కొనడానికి పరిగెత్తకండి. ముందు వైఫై ఆన్‌లో ఉంచి మూడు చూసి చెప్పండి. ఒకటి, ఐపీ ఎ అని కొడితే రెండు కార్డుల దగ్గరా అడ్రస్ పక్కన స్లాష్ తర్వాత ఏ అంకె ఉంది. రెండు, ఐపీ ఆర్ అని కొడితే వచ్చే దారుల పట్టికలో డిఫాల్ట్ అన్న లైను ఏ కార్డు పేరు చెబుతోంది. మూడోది ల్యాప్‌టాప్‌లో చూడాలి: డెస్క్‌టాప్‌కి ఒకసారి పింగ్ కొట్టి, వెంటనే ఐపీ నైబర్ కొట్టండి, 192.168.1.50 పక్కన ఒక మ్యాక్ అడ్రస్ (కార్డుకి తయారీలోనే వచ్చే గుర్తింపు నంబరు) వస్తుంది. అది డెస్క్‌టాప్‌లోని కేబుల్ కార్డుదా, వైఫై కార్డుదా?

నాకు ఒక అనుమానం ఉంది కానీ ఈ మూడు చూడకుండా చెప్పను.

రూటర్‌రాజు:

అసలు మెషీన్‌లో స్టాటిక్ పెట్టడమే అనవసరం బ్రో. రూటర్ పేజీలోకి వెళ్లి ఆ కార్డు మ్యాక్ అడ్రస్‌కి ఫలానా ఐపీ ఇవ్వు అని రిజర్వ్ చేస్తే సరిపోయే పని ఇది. మెషీన్ వైపు అంతా ఆటోమేటిక్‌గా ఉంటుంది, గేట్‌వే (బయటికి దారి చూపే రూటర్ అడ్రస్), డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రస్ చెప్పేది), మాస్క్ (మన నెట్‌వర్క్ ఎంతవరకో చెప్పేది) ఏదీ మనం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నేను ఇంట్లో ప్రింటర్‌తో సహా అన్నీ అలాగే పెట్టా.

కొత్తపెంగ్విన్:

@వేరు_మూలం గారూ, చూశాను. కేబుల్ కార్డు పేరు ఈఎన్‌పీ3ఎస్0, దాని అడ్రస్ 192.168.1.50/32. వైఫై కార్డు డబ్ల్యూఎల్‌పీ2ఎస్0, దానికి 192.168.1.34/24. ఐపీ ఆర్‌లో రెండే లైన్లు ఉన్నాయి, డిఫాల్ట్ 192.168.1.1 మీదుగా అన్నది వైఫై కార్డుది, 192.168.1.0/24 అన్నదీ వైఫైదే. కేబుల్ కార్డు పేరు అక్కడ ఎక్కడా లేదు!

ల్యాప్‌టాప్‌లో చూస్తే 50కి ఎదురుగా వైఫై కార్డు మ్యాక్ ఉంది. ఇదెలా? 50 నేను కేబుల్ కార్డుకి కదా ఇచ్చింది?

వేరు_మూలం:

అనుకున్నదే. ఆ 32 దగ్గరే ఉంది అంతా.

స్లాష్ తర్వాతి అంకె, అంటే మాస్క్, "ఈ కార్డు వెనక నా పక్కింటివాళ్లు ఎంతమంది" అన్న లెక్క అనుకోండి. 24 అంటే 192.168.1 తో మొదలయ్యేవన్నీ నా వీధిలోనే ఉన్నాయి, నేరుగా పలకరించొచ్చు అని అర్థం. 32 అంటే ఈ వీధిలో నేనొక్కడినే. కాబట్టి కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) ఆ కేబుల్ గుండా ఎవరికీ దారి వేయలేదు. దానికి తోడు మీరు గేట్‌వే ఇవ్వలేదు, అందుకే బయటికీ దారి లేదు. లైట్ వెలుగుతోందంటే తీగ తగిలిందని మాత్రమే, ఆ తీగ మీద ఏదైనా పంపాలని సిస్టమ్ అనుకుంటోందో లేదో లైట్ చెప్పదు.

మరి పింగ్ ఎలా వచ్చింది? ఇక్కడే లైనక్స్ చాలామందిని తికమక పెడుతుంది. ఐపీ అడ్రస్ ఆ కార్డుది అని మనం అనుకుంటాం, లైనక్స్ మాత్రం అది మెషీన్ మొత్తానిది అనుకుంటుంది. ల్యాప్‌టాప్ "192.168.1.50 ఎవరు?" అని అరిస్తే ఆ అరుపు వైఫై మీదా వస్తుంది, కేబుల్ మీదా వస్తుంది, డెస్క్‌టాప్ ఏ కార్డు మీద విన్నా "నేనే" అంటుంది. వైఫై జవాబు ల్యాప్‌టాప్‌లో నిలిచిపోయింది. పోనీ కేబుల్ మీద అందుకున్నా, తిరిగి పంపేది మాత్రం దారుల పట్టిక చూసే కదా, అందులో ఉన్నది వైఫై ఒక్కటే. అంటే ఇన్నాళ్లూ మీ ఫైళ్లు గాల్లోనే వచ్చాయి, కేబుల్ ఊరికే వేలాడుతోంది. నమ్మకం కలగకపోతే డెస్క్‌టాప్‌లో ఐపీ రూట్ గెట్ అని కొట్టి ల్యాప్‌టాప్ అడ్రస్ ఇవ్వండి, ఏ కార్డు నుంచి పంపబోతోందో పేరుతో సహా చెబుతుంది. నాకు తెలిసి ఇంత ఉపయోగపడే కమాండ్‌ని ఇంత తక్కువ మంది వాడటం ఇంకోటి లేదు.

సరిచేయడానికి ఎన్‌ఎంటీయూఐ అని కొట్టండి, టెర్మినల్‌లోనే మెనూ వస్తుంది, పొడుగు కమాండ్లతో కుస్తీ ఉండదు. వైర్డ్ కనెక్షన్ ఎడిట్ చేసి అడ్రస్ 192.168.1.50/24, గేట్‌వే 192.168.1.1, డీఎన్ఎస్ దగ్గర కూడా 192.168.1.1 ఇవ్వండి. సేవ్ చేస్తే చాలదు, అదే మెనూలో ఆ కనెక్షన్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలి, అప్పటిదాకా పాత సెట్టింగే నడుస్తుంది.

తీగలమామ:

ఆ 32 ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, ఎందుకంటే ఇదే దెబ్బ నేనూ తిన్నాను. పాత ఇఫ్‌కాన్ఫిగ్‌కి మాస్క్ ఇవ్వకపోతే అడ్రస్ మొదటి అంకె చూసి పాత క్లాస్ ఎ, బి, సి లెక్కలో ఒకటి వేసేసుకుంటుంది. 192 క్లాస్ సి కాబట్టి 255.255.255.0 వస్తుంది, అంటే 24. మీ మొదటి ప్రయత్నం అందుకే నడిచింది. కొత్త ఐపీ కమాండ్, మీ 24.04లో ఉన్న ఎన్‌ఎంసీఎల్‌ఐ అలా ఊహించవు, ఏమీ ఇవ్వకపోతే 32 అని పెట్టి ఊరుకుంటాయి, ఎర్రర్ కూడా రాదు. నెట్‌ప్లాన్ (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్‌ల) ఫైల్లో రాస్తే మాత్రం స్లాష్ ఏదని అక్కడికక్కడే నిలదీస్తుంది, అది నయం.

ఇఫ్‌కాన్ఫిగ్ మీద నాకు ప్రేమే, ఇరవై ఏళ్లు వేళ్లకు అలవాటైపోయింది, కానీ వదిలేయండి. ఐపీ కమాండ్‌తో ఒకే కార్డుకి రెండో అడ్రస్ చేర్చి చూడండి, ఇఫ్‌కాన్ఫిగ్ దాన్ని చూపించదు. మొత్తం చూపించని పనిముట్టుతో తప్పు వెతకలేం. ఇంకో సంగతి, ఇఫ్‌కాన్ఫిగ్‌తో అయినా ఐపీ కమాండ్‌తో అయినా చేసిన మార్పు రీబూట్ దాకానే. నిలబడాలంటే ఆ మెషీన్‌లో నెట్‌వర్క్‌ని ఎవరు చూసుకుంటున్నారో వాళ్లకే చెప్పాలి. ఉబుంటు డెస్క్‌టాప్‌లో అది నెట్‌వర్క్‌మేనేజర్, ఉబుంటు సర్వర్ అయితే నెట్‌ప్లాన్ ఫైలు, దాని వెనక సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ. నెట్‌లో దొరికే సగం వ్యాసాలు ఈ తేడా చెప్పకుండా ఫైలు పేరు మాత్రం ఇచ్చి పోతాయి, మనం ఎవరూ చదవని ఫైల్లో రాసుకుని ఎందుకు పని చేయట్లేదా అని జుట్టు పీక్కుంటాం.

@రూటర్‌రాజు, రిజర్వేషన్ మంచిదే, కాదనను. కానీ రూటర్ మార్చినా రీసెట్ కొట్టినా ఆ లిస్టంతా పోతుంది, అప్పుడు మళ్లీ మొదటికి.

రూటర్‌రాజు:

@తీగలమామ ఏడాదికోసారి జరిగే దానికి భయపడితే ఎలా అన్నా 😄 సరే, స్టాటిక్కే కావాలంటే ఒకటి తప్పక చూసుకోవాలి. రూటర్ ఆటోమేటిక్‌గా పంచే అడ్రస్‌ల రేంజ్‌లో 50 ఉండకూడదు. రూటర్ 2 నుంచి 254 దాకా పంచుతుంటే ఏదో ఒక రోజు అదే 50 ఎవరి ఫోన్‌కో ఇచ్చేస్తుంది, అప్పుడు కాసేపు ఉండి కాసేపు పోయే రకం జబ్బు వస్తుంది, అది పట్టుకోవడం నరకం. రూటర్‌లో ఆ రేంజ్‌ని 100 నుంచి మొదలయ్యేలా మార్చేయి. ఇప్పటికే ఎవరైనా 50 వాడుతున్నారేమో చూడాలంటే అడ్రస్ పెట్టే ముందు ఆర్పింగ్ ("ఈ అడ్రస్ ఎవరిది?" అని అదే నెట్‌వర్క్‌లో అరిచే కమాండ్) కొట్టి చూడొచ్చు, పింగ్‌కి ఫైర్‌వాల్ అడ్డుపడుతుంది కానీ ఆర్పింగ్‌ని మామూలుగా ఏదీ ఆపదు.

కొత్తపెంగ్విన్:

చేశాను. రూటర్‌లో రేంజ్ 100 నుంచి పెట్టా, ఎన్‌ఎంటీయూఐలో 24, గేట్‌వే ఇచ్చా. ఇప్పుడు ఐపీ ఆర్‌లో రెండు డిఫాల్ట్ లైన్లు కనిపిస్తున్నాయి, కేబుల్‌ది మెట్రిక్ 100, వైఫైది 600. వైఫై ఆపి బయట ఉన్న 1.1.1.1 కి పింగ్ కొడితే వస్తోంది! కానీ బ్రౌజర్‌లో ఒక్క సైటూ తెరుచుకోవట్లేదు. 127.0.0.53 ఉంది కదా, దాని వల్లేనా?

వేరు_మూలం:

మెట్రిక్ తక్కువ ఉన్నదే గెలుస్తుంది, అంటే ఇప్పుడు బయటికి పోయేది కేబుల్ మీదే. అంకెలతో పింగ్ వస్తూ పేర్లతో సైట్లు రాకపోతే చూడాల్సింది డీఎన్ఎస్ ఒక్కటే, కేబుల్, మాస్క్, గేట్‌వే జోలికి ఇక వెళ్లకండి.

127.0.0.53 పిచ్చి అడ్రస్ కాదు, పాపం దాన్ని వదిలేయండి. మీ మెషీన్‌లోనే నడిచే సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ అనే చిన్న సర్వీసుది అది. ప్రోగ్రాములు పేరు అడిగితే అది అందుకుని అసలు డీఎన్ఎస్ సర్వర్‌ని అడిగి చెబుతుంది. ఆ ఫైలు కూడా అదే తయారు చేస్తుంది, అందుకే మీరు ఏం రాసినా రీబూట్‌కి పోతోంది. అసలు సర్వర్ ఎవరో చూడాలంటే రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ కొట్టండి, కార్డు వారీగా చూపిస్తుంది. ఈఎన్‌పీ3ఎస్0 కింద డీఎన్ఎస్ సర్వర్ అన్న లైను ఉందా? నా లెక్క ప్రకారం ఉండదు, మీరు గేట్‌వే ఇచ్చానన్నారు కానీ డీఎన్ఎస్ మాట ఎత్తలేదు. మాన్యువల్ అన్నాక రూటర్ ఏమీ చెప్పదు, అన్నీ మనమే ఇవ్వాలి. ఇన్నాళ్లూ వైఫై కనెక్షన్‌కి రూటర్ ఇచ్చిన డీఎన్ఎస్సే మిమ్మల్ని నడిపించింది.

నిద్రలేని_అడ్మిన్:

ఈ థ్రెడ్ చదివి ఎవరైనా దూరంగా ఉన్న సర్వర్ మీద ఎస్ఎస్‌హెచ్‌లో కూర్చుని ఇదంతా చేస్తారేమో, వాళ్లకి ఒక మాట. నెట్‌ప్లాన్ వాడే మెషీన్‌లో అప్లై కొట్టకండి, నెట్‌ప్లాన్ ట్రై కొట్టండి. కొత్త సెట్టింగ్ పెట్టి 120 సెకన్లు ఆగుతుంది, ఈలోపు మీరు ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగ్‌కి వెళ్లిపోతుంది. కనెక్షన్ తెగిపోతే ఎంటర్ నొక్కలేరు కాబట్టి అదే మిమ్మల్ని కాపాడుతుంది. నేను ఒక రాత్రి 2 గంటలకి గేట్‌వేలో ఒక అంకె తప్పు కొట్టి అప్లై చేసి, తెల్లారేదాకా అక్కడికి వెళ్లే మనిషి కోసం ఎదురుచూశా, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఆ ఫైల్లో ట్యాబ్‌లు కొట్టకూడదు, స్పేస్‌లే వాడాలి, ఆ ఫైలు రాసే యామల్ పద్ధతి ట్యాబ్‌ని ఒప్పుకోదు. పాత ఫైళ్లలో గేట్‌వే4 అని కనిపిస్తే దాన్ని ఇప్పుడు వద్దంటున్నారు, రూట్స్ కింద డిఫాల్ట్ అని రాయాలి.

కొత్తపెంగ్విన్:

@వేరు_మూలం గారూ మీరు జ్యోతిష్యం చెప్తారా ఏంటి, డీఎన్ఎస్ గడి ఖాళీగానే ఉంది. గేట్‌వే ఇచ్చిన సంబరంలో కింద ఇంకో గడి ఉందని చూడలేదు. ఇచ్చి ఆపి ఆన్ చేశా, సైట్లన్నీ వస్తున్నాయి, వైఫై ఆఫ్‌లోనే ఉంది. ల్యాప్‌టాప్‌లో ఐపీ నైబర్ చూస్తే మొదట ఇంకా పాత మ్యాకే చూపించింది, కాసేపటికి కేబుల్ కార్డుది వచ్చింది.

కాపీ ఇప్పుడు సెకనుకు 11 మెగాబైట్లు. మూడింతలైంది కానీ కార్డు గిగాబిట్ అని రాసుంది, రూటర్ కూడా గిగాబిట్టే, ల్యాప్‌టాప్‌కీ కేబులే పెట్టా. ఇంతేనా వచ్చేది?

తీగలమామ:

11 అంకె చూడగానే తెలిసిపోతుంది, అది 100 మెగాబిట్ల లింకు. బైటుకి ఎనిమిది బిట్లు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే 12.5, పైఖర్చులు పోను 11 చిల్లర మిగులుతుంది. రెండు మెషీన్లలోనూ సూడోతో (అడ్మిన్ హక్కుతో) ఈథ్‌టూల్ కొట్టి కార్డు పేరు ఇవ్వండి, స్పీడ్ అన్న లైను చూడండి. ఎక్కడ 100 అని ఉందో ఆ వైపు కేబుల్ మార్చండి. 100కి కేబుల్‌లో రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ బాగుండాలి. గిగాబిట్‌కి మాత్రమే వాడే ఆ రెండు జతల్లో ఒక్క తీగ క్లిప్ దగ్గర తెగినా చాలాసార్లు రెండు చివర్ల కార్డులూ మాట్లాడుకుని చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి, లైట్ మాత్రం హాయిగా వెలుగుతూనే ఉంటుంది.

అలాగే డెస్క్‌టాప్‌లో వైఫై కనెక్షన్‌కి ఆటోకనెక్ట్ తీసేయండి. రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే ఎవరు జవాబిచ్చారన్న గొడవ మళ్లీ వస్తుంది.

కొత్తపెంగ్విన్:

డెస్క్‌టాప్ వైపే 100 ఉంది. ఆ కేబుల్ టేబుల్ కాలి కింద నలిగి ఉందని ఇప్పుడే చూశా. వేరేది పెట్టా, ఈథ్‌టూల్ 1000 అంటోంది, కాపీ సెకనుకు 108 మెగాబైట్ల దగ్గర నిలకడగా ఉంది. ఆటోకనెక్ట్ కూడా తీసేశా. రీబూట్ చేసి చూశా, అన్నీ ఉన్నాయి. ఆ నలిగిన కేబుల్‌ని రెండు ముక్కలుగా కత్తిరించి పారేశా, మళ్లీ తెలియక ఎవరూ వాడకుండా.